మెట్టె కింద జిగురు

మా అత్త కాలి మెట్టెలు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అరిగి సన్నబడి ఉండేవి. పెండ్లిలో సన్నికల్లు మీద ఆమె పాదం పెట్టించి మా మామ తొడిగినవి. ఆనాటి నుంచి ఆమె వాటిని తీసింది లేదు. మా పక్క ఆడవాళ్ళు మెట్టెలు అరిగిపోతే పాకాలకు పోయి, ఆచారి అంగట్లో పాతవి తూకానికి వేసి కొత్తవి తొడుక్కుని వచ్చేవాళ్ళు. మా అత్త అట్లా పోయేది కాదు. పాతవి తీసి కొత్తవి పెట్టే ఆ కాస్త సేపు కాలు బోడిగా ఉంటుంది కదా, మొగుడు బతికుండగా అదేం పని అనేది. కాన్పులప్పుడు కాళ్ళు వాచినా తీయలేదట. కుడి కాలి మెట్టె అయితే వేలు లావెక్కి, చర్మంలోకి దిగబడి, ఒంట్లో పుట్టిన ఎముక మాదిరి అయిపోయింది.

పాకాలకూ చంద్రగిరికీ నడుమ పల్లె మాది. కొద్దిగా శెనక్కాయ, కొద్దిగా చెరకు, రెండు ఆవులు. మా ఇంటాయన చిత్తూరులో పాల డెయిరీలో పనిచేస్తూ వారానికొకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది అత్త, మామ, నేను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా ఊళ్ళోకి వస్తున్నాయి. ఫోను మోగితే వాకిట్లోకి పరిగెత్తి, వేపచెట్టు పక్కన నిలబడి గట్టిగా అరిచి మాట్లాడే రోజులు.

అత్తకు చక్కెర జబ్బు వచ్చి చాలా కాలమే అయింది. మాత్రలు మింగేది, మింగి పైన బెల్లం ముక్క చప్పరించేది. కాళ్ళలో స్పర్శ తగ్గింది. పొయ్యి దగ్గర నిప్పు కణిక మీద కాలు పడినా తెలిసేది కాదు. ఒకరోజు ఆవుల కొట్టంలోంచి ఇంట్లోకి నడిచి వస్తుంటే, నాపరాళ్ళ మీద కుడి పాదం పడిన చోటల్లా చిన్న తడి మచ్చ కనబడింది నాకు. నీళ్ళేమో అనుకుని తుడవబోతే గుడ్డకు అంటుకుంది. కాలు చూపించమంటే ఏమీ లేదు పో అని కసిరింది. బలవంతాన కూర్చోబెట్టి చూస్తే మెట్టె కింద పుండు. మెట్టె ఒరిపిడికి పుట్టి ఉంటుంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆమెకే తెలియదు.

పసుపు వేసినాం, కుప్పింటాకు రసం పిండినాం. పాకాలలో డాక్టరుకు చూపిస్తే మెట్టె తీయించమని చెప్పి, ఒక గొట్టంలో మందు రాసిచ్చాడు. అందులో వెండి ఉంటుందనీ, వెండి పొడిని కంటికి కనబడనంత సన్నగా చేసి కలుపుతారనీ చెప్పాడు. ఆ మాట వినగానే మా అత్త ముఖం విప్పారింది. మెట్టె తీయమన్న మాట ఆమె చెవిన పడనేలేదు. మందులోనూ వెండే, మెట్టే వెండే, ఇక తీయడమెందుకు, వెండికి వెండి తోడవుతుంది అని దారి పొడవునా నాకు చెబుతూనే వచ్చింది.

ఆ మందును ఆమె ఎంతో భక్తిగా వాడింది. భక్తిగా అంటే, బొట్టు పెట్టుకున్నట్టు. వేలి కొసన రవ్వంత తీసుకుని పుండు మీద అంటీ అంటనట్టు రాసేది. అంత మంచి మందును పారబోసుకుంటామా అనేది. కొన్నాళ్ళకు పుండు మీద పల్చగా, మెరుస్తూ, గంజి ఆరినట్టు ఒక పొర కట్టింది. చూడడానికి బాగానే ఉంది. అత్త సంతోషపడింది. కొత్త చర్మం వస్తున్నదని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. కట్టు మార్చేటప్పుడు ఆ పొర మీద గుడ్డ తగలనిచ్చేది కాదు. పసిబిడ్డ తల మాడు మాదిరి చూసుకునేది దాన్ని. చుట్టూ తుడువు, దాని జోలికి పోవద్దు అని నాకు హుకుం.

మా అక్క కూతురు అప్పుడు తిరుపతిలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తుండేది. హాస్టల్లో తిండి సయించక ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. రాగి సంగటి, ఊరుబిండి అంటే ప్రాణం పిల్లకు. వచ్చినప్పుడల్లా మా చేను గట్ల మీద తంగేడాకు కోసుకుని సంచిలో నింపుకుని పోయేది. ఆకులు దేనికి పాపా అంటే, ఉడకబెట్టి ఆ కషాయం వెండి ఉప్పు కలిపిన నీళ్ళలో పోస్తానని చెప్పింది. పోసిన కాసేపటికి నీళ్ళు పసుపు రంగుకు తిరిగి, తరువాత కాఫీ డికాక్షన్ రంగుకు వస్తాయట. ఆ రంగు వచ్చిందంటే నీళ్ళలో వెండి రేణువులు పుట్టినట్టే. పిండి జల్లెడ పడితే జల్లెడకే తెలియనంత సన్నటివి. ఆ నీళ్ళతో సూక్ష్మక్రిములను చంపడం ఆ పిల్ల చదువు.

నేను అయిదు దాకా చదివినదాన్ని. అయినా ఆ పిల్ల చెబుతుంటే నాకు అర్థమయ్యేది, ఎందుకంటే మా ఇంట్లో వస్తువులతోనే చెప్పేది. ఒక ఆదివారం దిగులు ముఖంతో వచ్చింది. ఏమైందని అడిగితే, ఆవుల తొట్టి దగ్గరికి నన్ను తీసుకుపోయి, తొట్టి లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూడమంది. చెయ్యి జర్రున జారింది.

"చిన్నమ్మా, ఈ పాచి ఉండాది గదా, ఇట్లాంటిదే నేను క్రిములు పెంచే గాజు పళ్ళాల్లో కట్టుకుంటాండాయి అవి. నీళ్ళలో ఈదులాడేటివి నా వెండికి చచ్చిపోతాయి. గోడకు అతుక్కొని జిగురు కట్టుకున్నాయంటే మాత్రం నన్ను లెక్కచెయ్యవు."

తొట్టిలో బ్లీచింగు పొడి వేసిన రోజు నీళ్ళు తేటగా ఉంటాయి, గోడ పాచి మాత్రం అట్లాగే ఉంటుంది, అది నేను రోజూ చూసేదే. పిల్ల చెప్పింది కూడా అంతే. క్రిములు ఒకదాని పక్కన ఒకటి చేరి, తమ ఒంట్లోంచే జిగురు ఊరించి, దాన్ని మీద కప్పుకుని కూర్చుంటాయట. వెండి రేణువులు వచ్చి ఆ జిగురుకు అంటుకుని ఆడనే ఆగిపోతాయి. బెండకాయ కోసిన కత్తి మీద మిరప్పొడి చల్లితే పైపైన అంటుకున్నట్టు. పైన ఉన్న క్రిములు చస్తాయి, చచ్చినవే లోపలివాటికి పైకప్పు అవుతాయి. అడుగున ఉన్నవాటికి తిండి సరిగా అందక మగతగా పడి ఉంటాయి. మగతలో ఉన్నదానికి మందు ఎక్కదు. కొత్తగా కట్టిన జిగురైతే వెండి కొంత దూరుతుంది, పాతబడి ముదిరిందంటే కష్టం. ఇంకొకటి కూడా చెప్పింది. వెండి చాలీచాలకుండా పెడితే కొన్ని క్రిములు చావకపోగా బెదిరి ఇంకా మందంగా కట్టుకుంటాయట.

అది వింటుంటే నాకు అత్త కాలి మీది మెరిసే పొర గుర్తుకొచ్చింది. చెయ్యి కడుక్కోకుండానే పిల్లను ఇంట్లోకి తీసుకుపోయి, దానికి కాలు చూపించమని అత్తతో అన్నాను. పిల్ల వంగి చూసింది. మందు ఎంత రాస్తున్నావు అవ్వా అని మెల్లగా అడిగింది. అత్త వేలి కొస చూపించింది, గర్వంగా. పిల్ల నా ముఖం చూసింది.

"నేను డాక్టరును కాను చిన్నమ్మా," అంది బయటికి వచ్చాక. "నాది పళ్ళాల చదువు. మనిషి కాలు చూసి నేను ఏమీ చెప్పకూడదు. తిరుపతిలో షుగరు పుండ్లు చూసే డాక్టరమ్మ ఉండాది, రేపే తీసకరా."

ఆ రేపు రావడానికి వారం పట్టింది. అత్తను బయలుదేరదీయడం అంత సులువు కాదు. తుదకు పాకాలలో రైలెక్కించి తీసుకుపోయినాను. డాక్టరమ్మ నడివయసు మనిషి, మెత్తని మాట. అత్త కాలు చిన్న బల్ల మీద పెట్టించి చాలాసేపు చూసింది. మెట్టె తీసేయాలి అంది. లాగితే వచ్చేది కాదు కాబట్టి కత్తిరించాలి. ఆ పొరను గీకి శుభ్రం చేయాలి, గీకిన వెంటనే వెండి మందు నిండుగా పెట్టాలి, మళ్ళీ కడితే మళ్ళీ గీకాలి. ఇప్పుడు ఇది చేయకపోతే పుండు ఎముకకు దిగుతుంది, అప్పుడు వేలు తీయక తప్పదు అని ఏమీ దాచకుండా చెప్పింది.

మెట్టె కత్తిరించడం అనే మాటకే మా అత్త కాలు వెనక్కి లాగేసుకుంది. తాళి తెంపుతామన్నా అంత బెదిరేది కాదేమో. ఆలోచించుకుని వస్తామని చెప్పి లేచి నడిచింది. నేను డాక్టరమ్మకు దండం పెట్టి వెనకాలే పరిగెత్తినాను.

రైలుకు ఇంకా టైముంది. మా పిల్ల తన సారును అడిగి, మమ్మల్ని ల్యాబుకు తీసుకుపోయింది. కళ్ళారా చూస్తే అవ్వ మనసు మారుతుందని దాని ఆశ. చదువుల చోటని అత్త గుమ్మం బయటే చెప్పులు విడిచింది. వట్టి కాళ్ళతో నడవకూడదని డాక్టరమ్మ ఇప్పుడే చెప్పింది గదా అని పిల్ల వంగి మళ్ళీ తొడిగింది. లోపల ఎక్కడ చూసినా గాజు సీసాలు. ఒక వరసలో డికాక్షన్ రంగు నీళ్ళు. మా తంగేడాకు ఇంత పని చేసిందా అని నేను ముచ్చటపడ్డాను.

మైక్రోస్కోపులో మొదట నేను చూసినాను. నల్లటి కడ్డీలు కనబడినాయి. అవి క్రిములు కాదట, నా కంటి రెప్పల వెంట్రుకలేనట. తరువాత అత్త చూసింది. ఆమెకూ వెంట్రుకలే కనబడినాయి, గడ్డి పోచలున్నాయని చెప్పింది. పిల్ల అవ్వ తల పట్టుకుని సరిగ్గా నిలబెట్టి, మర తిప్పి, ఇప్పుడు చూడమంది. ఊదా రంగు వేసిన క్రిములు. ఒక గాజు పలక మీద ఆవాలు చల్లినట్టు విడివిడిగా ఉన్నాయి. ఇంకో పలక మీద ముద్దలు ముద్దలుగా, ఒకదాని మీద ఒకటి, సందుల్లో పల్చని రంగు మసకతో. ఆ మసకే జిగురు.

అత్త చాలాసేపు కన్ను తీయలేదు.

"ఎంత కుదురుగా సర్దుకోనుండాయో సూడు మే," అంది నాతో. "నువ్వు ఇన్నేండ్లయినా వంటింట్లో డబ్బాలు ఇట్ల సర్దలేకపోతివి."

పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వినాను, ఏం చేస్తాను. తరువాత అత్త అడిగిన మాటలన్నీ సూటిగా ఉన్నాయి. ఇవి బతికి ఉన్నాయా చచ్చినాయా అని అడిగింది. రంగు వేసినవి చచ్చినవే, కానీ వెండి నీళ్ళలో నానబెట్టిన జిగురును గీరి కొత్త తిండి మీద పెడితే మళ్ళీ పెరిగినాయి, అంటే లోపల బతికే ఉన్నాయి అని పిల్ల చెప్పింది. నా మెట్టె ఇన్నేండ్లుగా అక్కడే ఉంది గదా, అదీ వెండే గదా, మరి ఈ క్రిములు దాని కిందే ఎట్లా చేరినాయి అని అడిగింది అత్త. దానికి పిల్ల, బెల్లం గడ్డ పాలలో వేస్తే ఎప్పటికి కరుగుతుంది అవ్వా, పొడి చేసి వేస్తే ఎప్పటికి కరుగుతుంది అంది. మెట్టె బెల్లం గడ్డ. దాని సారం బయటికి రానే రాదు. పైగా దాని కింది సందులో చెమ్మ నిలిచి, క్రిములకు చాటు దొరికింది.

అత్త అంతా విన్నది. తల ఊపింది. గుమ్మం దాటాక మెల్లగా అంది: "అవి నీ పళ్ళెంలోవి పాపా. నా కాలి మీదది చర్మమే. నా కాలు నాకు తెలవదా."

దానికి పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు అత్తకే జాలి వేసినట్టుంది. నీ సీసాలో వెండి నీళ్ళు కాస్త పోసియ్యి, నువ్వు చేసింది అయితే నేను పూసుకుంటాను అంది. అది మనుషులకు వాడేది కాదు అవ్వా, నా సీటు తీసేస్తారు అని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. మా మాట వినని మనిషికి ఈ పిల్ల చేతి మందు అంటే మాత్రం నమ్మకమా అని నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. కానీ అది నమ్మకం కాదు, ప్రేమ. ఆ రెండూ ఒకటి కాదని రైల్లో కూర్చున్నాక నాకు తోచింది.

ఇంటికి వచ్చిన తరువాత రోజులు భారంగా గడిచినాయి. మెరిసే పొర మందమెక్కింది. వేలి కొస నల్లబడడం మొదలైంది. వాసన వస్తే అత్త కాలి దగ్గర సాంబ్రాణి వేయించుకునేది. నేను బతిమాలినాను, కోప్పడ్డాను, అన్నం మానేస్తానని బెదిరించినాను. మా ఇంటాయన వచ్చి ఒక పూటంతా తల్లి పక్కన కూర్చుని చెప్పి చూసినాడు. ఆమె అన్నింటికీ ఒకటే మాట.

"వేలు పోతే మెట్టె యాడ పెట్టుకునేది? మెట్టె తీస్తే ఆయనకేమన్నా అయితే? రెండిట్లో ఏది సేసినా నేను బోడి కాలిదాన్నే గదా."

ఆ మాట అన్నప్పుడు మా మామ తిన్నె మీద పగ్గం పేనుతున్నాడు. ఆయన మాటకారి కాదు. పొలం, ఆవులు, బీడీ, అంతే. అత్తను ఏమే అని పిలవడం తప్ప ఇంకో మాటతో పిలవగా నేను వినలేదు. కాలి సంగతి ఆడవాళ్ళ సంగతి అని అన్ని రోజులూ దూరంగానే ఉన్నాడు. మెట్టె తీస్తే తన ప్రాణానికి ముప్పని ఆమె బెదురుతున్నదని ఆయన చెవిన పడడం ఆ రోజే మొదలేమో. పగ్గం పక్కన పెట్టి, లోపలికి వచ్చి, ఆమెను కాసేపు చూసి మళ్ళీ బయటికి పోయినాడు.

మరునాడు పొద్దున తెల్ల పంచె కట్టుకుని, తల దువ్వుకుని వాకిట్లో నిలబడినాడు. పెండ్లిళ్ళకు తప్ప ఆయన ఆ పంచె కట్టడు. లే, తిరుపతికి పోదాం అన్నాడు. అత్త లేచింది. ఆయన పోదామంటే ఆమె ఏనాడూ ఎందుకని అడిగింది లేదు.

ఆసుపత్రిలో చాలామంది ఉన్నారు. డాక్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టి లోపలికి పిలిచింది. అత్త బల్ల మీద కూర్చుని కాలు ముడుచుకుంది. మామ ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుని, ఆమె పాదాన్ని రెండు చేతులతో తీసి తన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మా పక్క మొగవాడు పెండ్లాం పాదం పట్టుకునేది ఒక్క పెండ్లి నాడే. అటు నర్సులున్నారు, ఇటు తలుపు దగ్గర కాలి కట్లతో నలుగురు రైతులున్నారు. వాళ్ళలో ఒకడు నవ్వినాడు కూడా.

"ఏందయ్యా ఇది, ఇంతమంది సూస్తా ఉంటే," అని అత్త కాలు లాక్కోబోయింది.

ఆయన వదలలేదు.

"తొడిగింది నేను. తీసేదీ నేనే. నేను తీస్తే నీకు ఏం కాదు, నాకూ ఏం కాదు. ఊరకుండు."

అత్త ముఖం గోడ వైపు తిప్పుకుంది. డాక్టరమ్మ మెట్టెకూ వేలికీ నడుమ సన్నటి రేకు దూర్చి, చిన్న చక్రం లాంటి కత్తెర బిగించింది. తిప్పేది ఆమే తిప్పబోయి, మామ ముఖం చూసి, ఆ పిడి ఆయన చేతికి ఇచ్చింది. ఎట్లా తిప్పాలో చూపించింది. ఆయన నెమ్మదిగా తిప్పినాడు. కొడవలి పట్టిన చెయ్యి, వణకలేదు. మెట్టె తెగినప్పుడు సన్నగా ఒక చప్పుడు వచ్చింది. అత్త వెన్ను ఒక్కసారి ఉలికిపడింది. డాక్టరమ్మ రెండు పక్కలా పట్టి విప్పి, ఎత్తి తీసింది.

మెట్టె ఉన్న చోట వేలి చుట్టూ గాడి. ఆ గాడిలో, ఇన్నాళ్ళూ మేము చూసిన పొర కంటే మందంగా, మాసిన గంజి రంగులో జిగురు నిండి ఉంది. డాక్టరమ్మ దాన్ని చిమటా కొనతో లేపి మాకు చూపించింది. తీగ సాగింది. అత్త తల తిప్పి చూసింది. అప్పుడు ఆమె ముఖంలో ఏం జరిగిందో నేను చెప్పలేను. చర్మం తీగ సాగదని ఆమెకు తెలుసు.

గీకడం మొదలుపెట్టినాక ఎర్రటి నెత్తురు కనబడేదాకా డాక్టరమ్మ ఆపలేదు. అత్తకు నొప్పి తెలియలేదు, కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు. మామ పాదం వదలలేదు. నెత్తురు ఆయన తెల్ల పంచె మీద పడింది. తరువాత డాక్టరమ్మ వెండి మందును పుండు నిండా, గాడి నిండా పెట్టింది. నా వైపు తిరిగి చెప్పింది: క్రిములు ఈ క్షణం నుంచే మళ్ళీ జిగురు కట్టుకోవడం మొదలుపెడతాయి, కట్టుకోనివ్వకు, రోజూ కడుగు, మెరిసే పొర ఎంత చక్కగా కనబడినా తుడిచేయి, మందు పెట్టడంలో పిసినారితనం చేయకు. మా పిల్ల చెప్పిన మాటలే. కొత్త జిగురు పల్చన, అప్పుడే వెండికి దారి దొరుకుతుంది.

అట్లా మొదలైంది మా ఇంట్లో రోజూ జరిగే పని. పొద్దున ఆవుల పాలు పితికినాక నేను చేతులు కడుక్కుని, ఆసుపత్రి ఉప్పు నీళ్ళతో కాలు కడిగి, గుడ్డతో ఆ పొరను తుడిచేదాన్ని. మొదట్లో నా చెయ్యి రాలేదు. అన్ని రోజులు కాపాడిన పొర కదా. అత్త కళ్ళు మూసుకుని కానీ అని చెప్పేది. మందు గొట్టం మాత్రం మామ తన దగ్గర పెట్టుకున్నాడు. అత్త చేతికి ఇస్తే మళ్ళీ బొట్టు పెట్టినట్టు పెడుతుందని ఆయన భయం. నేను తుడవడం అయిందనగానే వచ్చి కూర్చుని, దోసె మీద వెన్న పూసినట్టు తానే పూసేవాడు. అంత ఎందుకయ్యా, అయిపోతే ఎట్లా అని ఆమె గొణిగేది. నువ్వు నోరు మూసుకుని కాలు చాపు అని ఆయన. పెండ్లయి అన్నేళ్ళకు వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను అప్పుడే చూసినాను. తిట్టుకునే మాటలే అనుకోండి. తిట్టుకోవడానికైనా పక్కపక్కన కూర్చోవాలి కదా.

మధ్యలో రెండు మూడుసార్లు పొర మళ్ళీ బలిసింది. తిరుపతికి పోయి గీకించుకుని వచ్చినాం. ఒకసారి వేలు తీయక తప్పదేమో అని డాక్టరమ్మే అనుమానపడింది. చక్కెర తగ్గేదాకా ఏ వెండీ ఏమీ చేయలేదని గట్టిగా కోప్పడింది. ఆ రోజు నుంచి బెల్లం డబ్బా మామ ఆవుల కొట్టంలో దాచినాడు. అత్త కనిపెట్టింది, కనిపెట్టి కూడా తీయలేదు.

మా పిల్ల ఫోను చేసి అవ్వ కాలు ఎట్లుందని రోజూ అడిగేది. నీ పళ్ళాలు ఎట్లున్నాయని అత్త నా చేతిలోంచి ఫోను లాక్కుని అడిగేది. పిల్ల ఇప్పుడు జిగురును ముందు సడలించి, ఆ తరువాత వెండి పెట్టి చూస్తున్నది. మునుపటి కంటే ఎక్కువే చస్తున్నాయి, అన్నీ మాత్రం చావడం లేదు. అన్నీ చావవు అని తేలడం కూడా తేలడమేనని దాని సారు చెప్పినాడట. అన్నీ చావనక్కర్లేదు పాపా, మిగిలినవాటి సంగతి ఒళ్ళే చూసుకుంటుంది, నాకు ఆమెగారు అదే చెప్పింది అని అత్త డాక్టరమ్మ మాట పిల్లకు అప్పజెప్పింది. అవతల పిల్ల నవ్వు నాకూ వినబడింది.

ఒక పొద్దున కడుగుతుంటే పుండు అడుగున దానిమ్మ గింజల మాదిరి ఎర్రటి పొక్కులు కనబడినాయి. మెరుపు లేదు, నునుపు లేదు. నేను భయపడి తిరుపతికి ఫోను చేస్తే, అదే నిజమైన కండ అని డాక్టరమ్మ చెప్పింది. అంచుల నుంచి లోపలికి మెల్లమెల్లగా, దారప్పోగు దారప్పోగుగా చర్మం నడిచి వచ్చింది. చెరకు నాటినప్పుడు కనబడిన పుండు చెరకు కొట్టే నాటికి మూసుకుంది. వేలు మిగిలింది. గోరు పోయింది, కొస కుదించుకుపోయి, పాత గాడి దగ్గర సన్నబడి, పక్క వేళ్ళ నడుమ బిడ్డ వేలు మాదిరి మిగిలింది.

ఆ వేలికి ఇక మెట్టె పెట్టకూడదు అంది డాక్టరమ్మ. వదులుది కూడా వద్దు, పక్క వేలికీ వద్దు. ఆ కాలిలో ఎక్కడ ఒరిపిడి తగిలినా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆనాటి నుంచి అత్త బయటికి పోవడం తగ్గించింది. పేరంటాలకు పిలిస్తే ఒంట్లో బాగాలేదనేది. ఎవరైనా ఇంటికి వస్తే కుడి కాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కునేది. ఒకసారి నాతో అంది, వేలు మిగిలిందని సంతోషమే మే, కానీ చూసేవాళ్ళు వేలు చూడరు గదా అని. నేను ఆమెకు సర్ది చెప్పేంతటిదాన్ని కాదు. నా కాళ్ళకు మెట్టెలు ఉన్నాయి.

పక్కింటి వాళ్ళ కోడలికి సీమంతం వచ్చింది. మా పక్క ముత్తైదువలందరి పాదాలకూ పసుపు పూయడం ఆనవాయితీ. అత్త పోలేదు. పక్కింటామె ఊరుకునే రకం కాదు. అక్కడ పని అవుతూనే పసుపు గిన్నె పట్టుకుని, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చేసింది. పెద్దముత్తైదువ రాకపోతే నేనే రావాల్సి వచ్చింది చూడు అని నిష్ఠూరం ఆడుతూ అత్త ముందు కూర్చుని, ఎడమ కాలికి పూసి, కుడి కాలు చాపమంది. అత్త చాపలేదు. ఆమే కుచ్చిళ్ళు ఎత్తి కాలు బయటికి తీసింది. తీసి, చెయ్యి ఆపింది.

ఆ చెయ్యి ఆగడం నేను చూసినాను. వెంట వచ్చినవాళ్ళూ చూసినారు.

"పెద్దమ్మా, మెట్టె ఏమాయ?" అంది పక్కింటామె, గొంతు తగ్గించి.

మా మామ తిన్నె మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు. అత్త ఆయన వైపు చూసింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా లేచి లోపలికి పోతుందనుకున్నాను.

"మెట్టెదేముందిలే మే," అంది అత్త. "తొడిగినాయన అదో ఆడ కూర్చోనుండాడు. ఒలిసేటివి రెండు గింజలు, నోట్లో ఏసుకునేటివి నాలుగు గింజలు. బాగా సూసుకొని, ఆ పైన పూయి."

ముందు పక్కింటామె నవ్వింది, తరువాత అందరూ నవ్వినారు. మామ తల ఎత్తి, ఏమిటని అడగబోయి, నోరు నిండా గింజలుంటే అడగలేకపోయినాడు. పక్కింటామె పసుపు ముద్ద తీసుకుని, ఆ కుదించుకుపోయిన వేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెత్తగా చేసి, దాని చుట్టూ నిండుగా పూసింది. వాళ్ళు పోయినాక కూడా మా అత్త ఆ కాలు దాచుకోలేదు. పసుపు ఆరేదాకా చాపుకునే కూర్చుంది.